జిమీ హెండ్రిక్స్: ఆ వేళ్లకు విద్య నేర్పింది మత్తేనా? 27 ఏళ్లకే ఆగిపోయిన గిటార్ కథ

స్టేజీ మీద గిటార్‌కు నిప్పంటించిన కుర్రాడు.. పళ్లతో తీగలు మీటిన మొనగాడు.. 27 ఏళ్లకే లండన్‌లో ప్రాణాలు వదిలిన స్టార్. జిమీ హెండ్రిక్స్ అనగానే మన ఫోన్లలో ఎక్కువగా కనిపించేవి ఈ మూడు ముక్కలే. ఆయన చనిపోయి అర్ధ శతాబ్దం దాటిపోయింది. ఆయన మీద నడిచే గొడవ మాత్రం ఇంకా చల్లారలేదు.

ఒక వర్గం ఏమంటుందంటే.. మత్తు లేకపోతే ఆ సంగీతమే లేదని. ఇంకో వర్గం.. మత్తుకు బానిసై చచ్చినవాడిని నెత్తిన పెట్టుకోవడం ఏంటని. ఇంతకీ ఏది నిజం? రెండు వర్గాలూ చెప్పకుండా వదిలేస్తున్న సంగతులేంటి?

ఇది అమెరికా గొడవ, మనకెందుకు అనుకోవద్దు. ఎచ్చెర్లనే తీసుకోండి. డాక్టర్ బీఆర్ అంబేద్కర్ యూనివర్సిటీ అక్కడే ఉంది. శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీ క్యాంపస్ కూడా ఆ మండలంలోనే. పక్కనుంచే జాతీయ రహదారి. ఊరు వదిలి వచ్చి హాస్టల్ గదుల్లో ఉంటూ చదువుకునే పిల్లలున్న చోటు అది. ఆంధ్రా-ఒడిశా సరిహద్దు నుంచి గంజాయి రవాణా కేసులు ఉత్తరాంధ్ర పోలీసులకు కొత్త కాదు. ఫోన్‌లో చూసి గిటార్ నేర్చుకునే కుర్రాడికి హెండ్రిక్స్ పేరుతో పాటు.. మత్తులో ఉంటేనే సంగీతం వస్తుందనే మాట కూడా చేరిపోతుంది. అందుకే ఆ కథను తారీఖులతో సహా ఒకసారి మొదటి నుంచి చూద్దాం.

చీపురే మొదటి గిటార్

1942 నవంబర్ 27న అమెరికాలోని సియాటిల్‌లో పుట్టాడు. తల్లి లూసిల్‌కు అప్పటికి 17 ఏళ్లే. తండ్రి అల్ హెండ్రిక్స్ సైన్యంలో ఉన్నాడు. తల్లి పెట్టిన పేరు జానీ అలెన్. యుద్ధం ముగిసి ఇంటికొచ్చిన తండ్రి 1946లో ఆ పేరు మార్చి జేమ్స్ మార్షల్ అని పెట్టాడు.

ఇంట్లో డబ్బు లేదు. మందు మాత్రం ఉంది. అమ్మానాన్నలు రోజూ కొట్లాడుకునేవారు. గొడవ మొదలైతే పిల్లాడు అల్మారాలో దూరి దాక్కునేవాడట. 1951లో వాళ్లు విడాకులు తీసుకున్నారు. తాగుడుతో ఆరోగ్యం పాడైన లూసిల్ 1958 ఫిబ్రవరిలో కన్నుమూసింది. అప్పటికి జిమీకి 15 ఏళ్లు. తల్లి అంత్యక్రియలకు తండ్రి పిల్లలను తీసుకెళ్లలేదు.

ఇక్కడో విషయం గుర్తుపెట్టుకోవాలి. మత్తు అనేది హెండ్రిక్స్ జీవితంలోకి రాక్ సంగీతంతో రాలేదు. అంతకు చాలా ముందే అది ఆ ఇంట్లో ఉంది. తల్లిని తీసుకుపోయింది కూడా అదే.

స్కూల్లో ఉన్నప్పుడు చీపురు పట్టుకుని గిటార్‌లా వాయిస్తూ తిరిగేవాడు. తండ్రితో కలిసి ఓ ఇంట్లో పాత సామాను తీసేసే పనికి వెళ్లినప్పుడు చెత్తలో ఓ యుకులేలే దొరికింది. దానికి మిగిలింది ఒకే ఒక్క తీగ. ఆ ఒక్క తీగ మీదే రేడియోలో విన్న పాటలు పట్టుకోవడం మొదలుపెట్టాడు. 1958లో 5 డాలర్లు పెట్టి కొన్న పాత గిటార్ చేతికొచ్చింది. మరుసటి ఏడాది తండ్రి ఎలక్ట్రిక్ గిటార్ కొనిచ్చాడు.

జిమీది పుర్రచేతి వాటం. దొరికేవన్నీ కుడిచేతి వాళ్ల గిటార్లు. ఏం చేశాడు? గిటార్‌ను తలకిందులుగా పట్టుకుని, తీగలు విప్పి వరస మార్చి బిగించుకున్నాడు. పెద్ద స్టార్ అయ్యాక కూడా అదే పద్ధతి. లేమిలో పుట్టిన ఆ అలవాటే తర్వాత ఆయన శబ్దానికి ఓ ప్రత్యేకత తెచ్చింది.

మొదటి కచేరీ ఓ యూదుల ప్రార్థనా మందిరం బేస్‌మెంట్‌లో. మరీ ఎక్కువ చేస్తున్నాడని సగం ప్రోగ్రాంలోనే బ్యాండ్ నుంచి తీసేశారు.

జైలా? సైన్యమా?

1961లో దొంగిలించిన కార్లలో తిరుగుతూ రెండుసార్లు పోలీసులకు చిక్కాడు. జైలుకు వెళ్తావా, సైన్యంలో చేరతావా అన్న పరిస్థితి. సైన్యాన్నే ఎంచుకున్నాడు. 101వ ఎయిర్‌బోర్న్ డివిజన్‌లో పారాట్రూపర్‌గా శిక్షణ. కెంటకీలోని ఫోర్ట్ క్యాంప్‌బెల్‌లో పోస్టింగ్.

అక్కడా గిటార్ పిచ్చే. ఇంటికి ఉత్తరం రాసి మరీ తెప్పించుకున్నాడు. రాత్రి పక్కలో పెట్టుకుని పడుకునేవాడని తోటి సైనికులు ఏడిపించేవారు. డ్యూటీ మీద ధ్యాస లేదని అధికారులు ఫిర్యాదులు రాశారు. 1962లో బయటకు పంపేశారు. సైన్యం నుంచి ఆయన తెచ్చుకున్న ఆస్తి ఒక్కటే.. బిల్లీ కాక్స్ అనే బేస్ గిటారిస్ట్ స్నేహం. చివరి రోజుల వరకూ అది నిలిచింది.

నాలుగేళ్ల కూలి వాయిద్యం

1962 నుంచి 1966 వరకు.. హెండ్రిక్స్ కథలో ఎవరూ రీల్స్ చేయని భాగం ఇదే. అసలు విద్య అంతా ఇక్కడే ఉంది.

అప్పట్లో అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి కళాకారులకు విడిగా క్లబ్బులు, హాళ్లు ఉండేవి. చిట్లిన్ సర్క్యూట్ అనేవారు. రాత్రికి ఒక ఊరు. అరకొర జీతం. వెనక నిలబడి వాయించాలి, ముందుకొస్తే ఊరుకోరు. ఐస్లీ బ్రదర్స్ దగ్గర చేశాడు. లిటిల్ రిచర్డ్ బృందంలో చేశాడు. ఆలస్యంగా వస్తున్నాడని, మెయిన్ సింగర్ కంటే ఎక్కువ మెరుస్తున్నాడని మాటలు పడ్డాడు.

పళ్లతో వాయించడం, వీపు వెనక పెట్టుకుని వాయించడం.. ఇవేవీ ఎల్ఎస్‌డీ కలల్లోంచి పుట్టినవి కావు. ఆ క్లబ్బుల్లో జనాన్ని కట్టిపడేయడానికి బ్లూస్ వాద్యకారులు తరతరాలుగా చేస్తున్న విన్యాసాలు. మన సిక్కోలు, విజయనగరం జిల్లాల్లో తప్పెటగుళ్లు చూసినవాళ్లకు ఇది తేలిగ్గానే అర్థమవుతుంది. ఎదకు కట్టిన తప్పెట వాయిస్తూ, ఎగురుతూ, పాడుతూ.. తాళం మాత్రం తప్పదు. చూసేవాడికి అది పూనకంలా ఉంటుంది. చేసేవాడికి మాత్రం ఏళ్ల సాధన.

మరి ఎల్ఎస్‌డీ ఎప్పుడొచ్చింది? జీవిత చరిత్రలు రాసినవాళ్లు చెప్పేదాని ప్రకారం 1966లో, న్యూయార్క్‌లో. అంటే ఆ ఒంటి తీగ యుకులేలే పట్టుకున్న ఎనిమిది, తొమ్మిదేళ్ల తర్వాత. అప్పటికే వేళ్లకు రావాల్సింది వచ్చేసింది. మత్తు వల్లే విద్య వచ్చిందనే వాదన ఈ ఒక్క లెక్క దగ్గరే కూలిపోతుంది.

లండన్ తిప్పేసిన తలరాత

1966లో న్యూయార్క్ క్లబ్‌లో ఆయన వాయించడం విన్న లిండా కీత్ అనే యువతి తెలిసినవాళ్లందరికీ చెప్పింది. యానిమల్స్ బ్యాండ్‌లో బేస్ గిటార్ వాయించే చాస్ చాండ్లర్ వచ్చి విన్నాడు. వెంటనే లండన్ తీసుకెళ్తానన్నాడు. సెప్టెంబర్ 24న హెండ్రిక్స్ లండన్‌లో దిగాడు. నోయెల్ రెడ్డింగ్ బేస్, మిచ్ మిచెల్ డ్రమ్స్. జిమీ హెండ్రిక్స్ ఎక్స్‌పీరియన్స్ పుట్టింది.

ఏడాది తిరగకుండానే ఇంగ్లండ్‌లో పేరున్న గిటారిస్టులంతా ఆయన షోలకు క్యూ కట్టారు. 1967 మేలో మొదటి ఆల్బమ్ వచ్చింది. అదే ఏడాది డిసెంబర్‌లో రెండోది. 1968 అక్టోబర్‌లో మూడోది, ఎలక్ట్రిక్ లేడీల్యాండ్. అమెరికాలో నంబర్ వన్‌కు చేరిన ఆయన ఆల్బమ్ అదొక్కటే. బతికుండగా ఆయన విడుదల చేసిన స్టూడియో ఆల్బమ్‌లు ఈ మూడే.

ఇంతకీ ఆయన చేసిన కొత్త పనేంటి? ఊళ్లో సంబరాలకు మైక్ సెట్ పెట్టినప్పుడు, మైకు స్పీకర్‌కు దగ్గరగా వెళ్తే కీచుమని ఒక కూత వస్తుంది కదా.. అందరం చెవులు మూసుకుంటాం. ఎలక్ట్రిక్ గిటార్‌లో కూడా అదే జరుగుతుంది. అంతకుముందు కొందరు ఆ శబ్దాన్ని వాడుకున్నారు. కానీ దాన్ని ఇష్టమొచ్చినట్టు వంచి, రాగంలోకి తెచ్చి, పాట మధ్యలో మాట్లాడించినవాడు హెండ్రిక్స్. కాలితో తొక్కే వా-వా పెడల్, ధ్వనిని గరుకుగా మార్చే ఫజ్ బాక్సు, భారీ మార్షల్ స్పీకర్లు.. వీటన్నిటినీ గిటార్‌లో భాగం చేసేశాడు. ఇప్పుడు మన సినిమా పాటల్లో వినిపించే గిటార్ ముక్కల్లోనూ ఆ దారి ఆనవాళ్లు కనిపిస్తాయి.

ఇదంతా మత్తులో తూలుతూ చేసే పనేనా? ఎలక్ట్రిక్ లేడీల్యాండ్ రికార్డింగ్‌లో ఒక్కో పాటను పదుల సార్లు మళ్లీ మళ్లీ వాయించాడు. ఎంత చేసినా తృప్తి లేదు. స్టూడియో నిండా జనం, అంతులేని టేకులు.. విసిగిపోయి చాండ్లరే మధ్యలో వదిలేసి వెళ్లిపోయాడు.

గిటార్‌కు నిప్పు.. రవిశంకర్‌కు నచ్చలేదు

1967 జూన్ 18. కాలిఫోర్నియాలోని మాంటెరీ పాప్ ఫెస్టివల్. ఆ రోజు మధ్యాహ్నం పండిట్ రవిశంకర్ సితార్ కచేరీ. తబలా మీద అల్లా రఖా. గంటల తరబడి జనం కదలకుండా విన్నారు. తన కచేరీ జరిగేటప్పుడు ఎవరూ పొగ తాగకూడదని రవిశంకర్ ముందే పట్టుబట్టారు.

అదే రోజు రాత్రి హెండ్రిక్స్ స్టేజీ ఎక్కాడు. చివరి పాట అయ్యాక గిటార్‌ను కింద పెట్టి, లైటర్ ద్రవం పోసి నిప్పంటించాడు. విరగ్గొట్టి ముక్కలు జనంలోకి విసిరాడు. ఆ ఒక్క రాత్రితో అమెరికా మొత్తం ఆయన పేరు మారుమోగింది.

రవిశంకర్‌కు మాత్రం అది మింగుడుపడలేదు. వాయిద్యాన్ని దైవంగా చూసే సంప్రదాయం ఆయనది. దసరాకు వాయిద్యాలకు పూజ చేసే మనకూ ఆ బాధ అర్థమవుతుంది. ఆ కాలపు యువత మత్తుతో కలిపి భారతీయ సంగీతాన్ని వినడం కూడా ఆయనకు నచ్చేది కాదు. తర్వాత చాలాసార్లు ఆ మాట బహిరంగంగానే చెప్పారు.

ఒకే రోజు, ఒకే వేదిక. ఒకాయన మత్తు జోలికే పోకుండా జనాన్ని గంటలకొద్దీ వేరే లోకంలో ఉంచాడు. ఇంకొకాయన చుట్టూ మత్తు ప్రపంచం అల్లుకుపోయింది. సంగీతానికి మత్తు తప్పనిసరా అన్న ప్రశ్నకు ఆ మధ్యాహ్నమే ఒక సమాధానం దొరికింది.

మత్తు నిజమా? నిజమే

ఇక అభిమానులు దాటేసే భాగానికొద్దాం. హెండ్రిక్స్ మత్తు వాడలేదు అనేవాళ్లు చెప్పేదీ నిజం కాదు. గంజాయి తాగాడు. ఎల్ఎస్‌డీ తీసుకున్నాడు. మద్యం తలకెక్కితే మనిషే మారిపోయేవాడని దగ్గరివాళ్లు చెప్పారు. 1968 జనవరిలో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో తాగిన మైకంలో హోటల్ గదిని ధ్వంసం చేసి, చేతికి గాయం చేసుకుని అరెస్టయ్యాడు. గిటారిస్టుకు చెయ్యే సర్వస్వం. ఆ చేతికే దెబ్బ.

1969 మే 3న టొరంటో ఎయిర్‌పోర్టులో ఆయన బ్యాగులో హెరాయిన్, హషీష్ దొరికాయి. అరెస్టు, బెయిల్. డిసెంబర్‌లో విచారణ. ఎల్ఎస్‌డీ, గంజాయి, కొకైన్ వాడిన మాట నిజమేనని కోర్టులో ఒప్పుకున్నాడు. ఆ పొట్లాలు మాత్రం తనకు తెలిసి పెట్టుకున్నవి కావని, అభిమానులు ఏవేవో తెచ్చి చేతిలో పెడుతుంటారని చెప్పాడు. జ్యూరీ నిర్దోషిగా తేల్చింది. అయితే ఏడు నెలల పాటు జైలు భయం నెత్తి మీద వేలాడింది.

అలాగని ప్రతి పాటనూ మత్తు ఖాతాలో వేయడమూ తప్పే. ఉదాహరణకు పర్పుల్ హేజ్. ఎల్ఎస్‌డీ గురించే అని అందరూ తీర్మానించేసిన పాట. సైన్స్ ఫిక్షన్ కథలు తెగ చదివే హెండ్రిక్స్ మాత్రం.. సముద్రం అడుగున నడుస్తున్నట్టు వచ్చిన ఓ కల నుంచి అది పుట్టిందని చెప్పుకున్నాడు. ఆ రోజుల్లో పాటల మాటల్లో, రంగుల్లో, ధ్వనుల్లో ఎల్ఎస్‌డీ సంస్కృతి ఉన్న మాట వాస్తవం. హెండ్రిక్స్ దానికి దూరంగా లేడు. కానీ అదే ఎల్ఎస్‌డీ వేలాది మంది తీసుకున్నారు. హెండ్రిక్స్ ఒక్కడే అయ్యాడు.

వుడ్‌స్టాక్: బురదలో ఆ ఉదయం

1969 ఆగస్టు. న్యూయార్క్ రాష్ట్రంలో వుడ్‌స్టాక్ ఉత్సవం. నాలుగు లక్షల మంది వచ్చారని అంచనా. వాన, బురద, ఆలస్యం. ఆదివారం రాత్రి ముగింపు కచేరీ చేయాల్సిన హెండ్రిక్స్‌కు సోమవారం ఉదయం గానీ స్టేజీ దొరకలేదు. అప్పటికి జనంలో ఎక్కువ మంది ఇళ్లకు వెళ్లిపోయారు.

ఆ ఉదయం గిటార్ మీద అమెరికా జాతీయ గీతం వాయించాడు. మధ్యలో బాంబుల చప్పుడు, విమానాల రొద, అరుపులు.. అన్నీ ఆ తీగల మీదే పలికించాడు. వియత్నాం యుద్ధం నడుస్తున్న రోజులవి. ఒకప్పుడు తాను పనిచేసిన 101వ డివిజన్ కూడా అక్కడే పోరాడుతోంది. జాతీయ గీతాన్ని అవమానించాడని కొందరు మండిపడ్డారు. తనకు మాత్రం అది అందంగానే అనిపించిందని టీవీ షోలో హెండ్రిక్స్ నెమ్మదిగా బదులిచ్చాడు. ఒక్క మాట పాడకుండా యుద్ధం గురించి అంత చెప్పిన వాయిద్యం మరొకటి లేదని ఇప్పటికీ అంటారు.

1970 జనవరి 1న ఫిల్మోర్ ఈస్ట్ హాల్లో బిల్లీ కాక్స్, బడ్డీ మైల్స్‌తో కలిసి మెషిన్ గన్ వాయించాడు. ఆయన జీవితంలో అత్యుత్తమ వాదన అదేనని చాలామంది గిటారిస్టులు చెబుతారు.

అదే నెల.. అదే బృందం.. మధ్యలోనే ఆగిన కచేరీ

ఫిల్మోర్ ఈస్ట్ తర్వాత నాలుగు వారాలకు, జనవరి 28న, న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో అదే బృందం కచేరీ. రెండు పాటలయ్యాయో లేదో.. హెండ్రిక్స్ వాయించలేక స్టేజీ మీదే కూర్చుండిపోయాడు. తర్వాత దిగిపోయాడు. కచేరీకి ముందు ఎవరో మత్తు ఇచ్చారని బృందంలోని వారే తర్వాత చెప్పారు. బృందం అక్కడితో చెదిరిపోయింది.

మత్తు వల్లే వాయించాడు అనేవాళ్లు ఈ రెండు తేదీలను పక్కపక్కన పెట్టి చూడాలి. మత్తు మితిమీరిన రాత్రి ఆ వేళ్లు అసలు కదల్లేదు.

నిద్ర పట్టని మనిషి

ఇంతకీ హెండ్రిక్స్‌ను నమిలేసింది ఒక్క మత్తేనా? కాదు. 1965లో చేతిలో పైసా లేని రోజుల్లో ఒక డాలర్ అడ్వాన్స్, ఒక శాతం రాయల్టీకి ఒక నిర్మాతతో కాంట్రాక్టు మీద సంతకం పెట్టాడు. స్టార్ అయ్యాక అది మెడకు చుట్టుకుంది. ఆ కేసు పరిష్కారం కోసం ఏకంగా ఒక ఆల్బమ్‌నే ఇచ్చేయాల్సి వచ్చింది. కోర్టు గొడవలు, మేనేజర్‌తో పేచీలు, ఆగని టూర్లు. న్యూయార్క్‌లో సొంతంగా కట్టుకున్న ఎలక్ట్రిక్ లేడీ స్టూడియోస్ ఖర్చు. దాని ప్రారంభోత్సవం 1970 ఆగస్టు 26న జరిగింది. అందులో మనసారా పనిచేసే యోగం ఆయనకు లేదు. వెంటనే యూరప్ టూర్.

ఆగస్టు చివర ఐల్ ఆఫ్ వైట్ ఉత్సవం. సెప్టెంబర్ 2న డెన్మార్క్‌లోని ఆర్హస్‌లో కొన్ని పాటలకే స్టేజీ దిగేశాడు. 6న జర్మనీలోని ఫెమార్న్ దీవిలో గాలివానలో కచేరీ. అదే ఆఖరి పెద్ద కచేరీ. బిల్లీ కాక్స్‌కు మత్తు వికటించి మతి చెదిరినట్టయింది. ఆయన్ను ఇంటికి పంపేశారు, టూర్ ఆగిపోయింది. సెప్టెంబర్ 16 రాత్రి లండన్‌లోని రోనీ స్కాట్స్ క్లబ్‌లో ఎరిక్ బర్డన్ బృందంతో కలిసి కాసేపు వాయించాడు. జనం ముందు గిటార్ పట్టుకోవడం అదే చివరిసారి.

ఆ రోజు అసలేం జరిగింది?

1970 సెప్టెంబర్ 18. లండన్‌లోని నాటింగ్ హిల్. సమర్‌కండ్ హోటల్‌లో స్నేహితురాలు మోనికా డానెమన్ గది. ఉదయం హెండ్రిక్స్ ఎంతకీ లేవలేదు. 11 గంటల 18 నిమిషాలకు అంబులెన్స్‌కు ఫోన్ వెళ్లింది. సెయింట్ మేరీ అబాట్స్ ఆస్పత్రికి తీసుకెళ్లారు. మధ్యాహ్నం 12.45కు చనిపోయినట్టు డాక్టర్లు ప్రకటించారు.

పోస్టుమార్టం ఏం చెప్పింది? హెరాయిన్ కాదు. ఎల్ఎస్‌డీ కూడా కాదు. ఒంటి మీద సూది గుర్తుల్లేవు. ఆయన్ను చంపింది వెస్పరాక్స్ అనే నిద్రమాత్ర. అవి ఆమెకు రాసిచ్చిన మాత్రలు. అర మాత్ర వేసుకుంటే చాలు. ఆయన తొమ్మిది వేసుకున్నాడని తేలింది. అంటే 18 రెట్లు. దానికి తోడు కడుపులో మద్యం. ఇలాంటి మాత్రలు, మద్యం కలిస్తే మెదడు మొద్దుబారిపోతుంది. వాంతి అడ్డుపడినా దగ్గి బయటకు పంపే శక్తి శరీరానికి ఉండదు. సరిగ్గా అదే జరిగింది. ఊపిరాడక చనిపోయాడు.

కరోనర్ విచారణ ఓపెన్ వెర్డిక్ట్‌తో ముగిసింది. అంటే ప్రమాదమా, ఆత్మహత్యా అని తేల్చేందుకు ఆధారాలు చాలలేదని అర్థం. అక్కడి నుంచి పుకార్లకు పండగే. డానెమన్ చెప్పిన సమయాలు ఒక్కోసారి ఒక్కోలా ఉన్నాయి. 1990ల్లో స్కాట్లండ్ యార్డ్ మళ్లీ ఆరా తీసింది. కేసును తిరిగి తెరవాల్సినంత కొత్త విషయం లేదని 1994లో తేల్చేశారు. మేనేజరే చంపించాడని బృందంలో పనిచేసిన ఒకాయన 2009లో పుస్తకం రాశాడు. అది రుజువు కాలేదు.

కుట్ర కథలు వినడానికి బాగుంటాయి. అసలు సంగతి అంతకంటే మామూలుది, అందుకే మరింత భయం పుట్టించేది. అలసిపోయి, నిద్ర కోసం వేరేవాళ్ల మాత్రలు మింగాడు. ఆ మాత్ర బలమెంతో ఆయనకు తెలిసిన దాఖలా లేదు.

27 క్లబ్.. క్లబ్ కాదు, వరస చావులు

1969 జూలై 3న రోలింగ్ స్టోన్స్ వ్యవస్థాపకుల్లో ఒకరైన బ్రయాన్ జోన్స్. 1970 సెప్టెంబర్‌లో హెండ్రిక్స్. పదహారు రోజులకే, అక్టోబర్ 4న, హెరాయిన్ డోస్ ఎక్కువై గాయని జానిస్ జోప్లిన్. 1971 జూలై 3న జిమ్ మోరిసన్. 1994 ఏప్రిల్‌లో నిర్వాణ బ్యాండ్ గాయకుడు కర్ట్ కోబైన్. అందరికీ 27 ఏళ్లే. దీనికి 27 క్లబ్ అని పేరు పెట్టేసి, టీషర్టుల మీద అచ్చు వేసి అమ్ముతున్నారు.

కానీ చావును క్లబ్ అనడమేంటి? ఆ వయసులో ఆగకుండా ఉంటే ఏమై ఉండేదో ఊహించండి. హెండ్రిక్స్‌కు సంగీతం చదవడం, రాయడం సరిగా రాదు. నేర్చుకుని పెద్ద బృందాలకు సంగీతం రాయాలని అనుకున్నాడు. జాజ్ వైపు అడుగులు వేస్తున్నాడు. నాలుగేళ్ల వెలుగులోనే ఇంత ఇచ్చినవాడు నలభై ఏళ్లుంటే? మనకు దక్కకుండా పోయింది ఆ సంగీతం.

ఆయన వీలునామా కూడా రాయలేదు. ఆస్తి తండ్రికి వచ్చింది. కానీ పాటల హక్కుల కోసం అల్ హెండ్రిక్స్ ఏళ్ల తరబడి పోరాడాల్సి వచ్చింది. 1995లో గానీ అవి చేతికి రాలేదు. కొడుకు పోయిన పాతికేళ్లకు. అంతకు మూడేళ్ల ముందే, 1992లో, హెండ్రిక్స్‌ను రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు.

మరి ఎలా గుర్తుపెట్టుకోవాలి?

మత్తు మనిషి అని ఒక్క మాటలో కొట్టిపారేస్తే.. ఒంటి తీగ వాయిద్యంతో మొదలై ప్రపంచ గిటార్ గమనాన్నే మార్చిన సాధనను కొట్టిపారేసినట్టే. మత్తు వల్లే గొప్పవాడయ్యాడు అంటే ఇంకా పెద్ద అబద్ధం. ఆ అబద్ధం ఇప్పుడు గిటార్ పట్టుకున్న పిల్లల ప్రాణాల మీదకు తెస్తుంది.

మన ప్రాంతానికే రండి. వయోలిన్ కూడా గిటార్‌లాగే పడమటి నుంచి వచ్చిన వాయిద్యం. చూపు సరిగా లేని ద్వారం వెంకటస్వామి నాయుడు విజయనగరం సంగీత కళాశాలలో దాన్ని ఎంత ఎత్తుకు తీసుకెళ్లారో ఉత్తరాంధ్రలో అందరికీ తెలుసు. ఆయన దగ్గరున్న రహస్యం సాధనే. 1966 దాకా హెండ్రిక్స్ దగ్గరున్నదీ అదే. ఇద్దరి దారులూ వేరు, సంగీతాలూ వేరు. కానీ వేళ్లకు విద్య ఎక్కే దారి మాత్రం ఒక్కటే.

హెండ్రిక్స్ కథలో ఇంకో పాఠం కూడా ఉంది. చుట్టూ ఎప్పుడూ జనమే. తెచ్చి చేతిలో పెట్టేవాళ్లే అందరూ. టూర్ ఆపు, పడుకో, డాక్టర్‌కు చూపించుకో అని గట్టిగా చెప్పి ఆపగలిగిన మనిషి మాత్రం లేకపోయాడు. మీ పక్క గదిలో కుర్రాడు నిద్రపోవడం లేదా? క్లాసులకు రావడం మానేశాడా? కొత్త స్నేహాలు, కొత్త పొట్లాలు కనిపిస్తున్నాయా? వాడిని ఎగతాళి చేయకండి. పట్టించుకోండి. వేరేవాళ్లకు రాసిన నిద్రమాత్రలు ఎవరూ వేసుకోవద్దు. మద్యంతో కలిపి అసలే వద్దు.

గంజాయి, డ్రగ్స్ సమాచారం ఇవ్వాలంటే ఏపీలో ఈగల్ విభాగం టోల్‌ఫ్రీ నంబర్ 1972. మత్తు నుంచి బయటపడటానికి సాయం కావాలంటే జాతీయ హెల్ప్‌లైన్ 14446. మనసు బాగోలేక, నిద్ర పట్టక ఇబ్బంది పడుతుంటే టెలీ మానస్ 14416. ఈ మూడూ ఫోన్‌లో సేవ్ చేసుకోండి.

ఆ తర్వాత ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వుడ్‌స్టాక్ ఉదయం ఆయన వాయించింది ఒకసారి వినండి. వాదనలన్నీ పక్కన పెట్టి, ఆ వేళ్ల వెనక ఉన్న పదేళ్ల కష్టాన్ని వినండి.